కాయని మామిడి తొర్ర

నేను ఒక తొర్రను. నిజం చెప్పాలంటే నాకంటూ ఒళ్లు లేదు. చెట్టులో కొంత కర్ర లేకపోవడమే నేను. అయినా ఇంత సందడి ఉన్న ఇల్లు ఈ చుట్టుపక్కల ఇంకొకటి చూపించండి చూద్దాం.

విజయనగరం పక్క పోలినాయుడి తోటలో ఓ ముసలి మామిడికి గాలివానలో కొమ్మ విరిగింది. విరిగినచోట నీరు దిగింది, చెద తొలిచింది, మిగతా పని వడ్రంగి పిట్ట పూర్తి చేసింది. అలా పుట్టాను. నా అడుగున చారెడు వాననీళ్లు, అందులో తోకకప్పలు. బెరడు కింద గండుచీమలు, గోడమీద బల్లి. ఒకరంటే ఒకరికి పడదు, అలాగని ఒక్కరూ ఖాళీ చెయ్యరు. నేను చెప్పబోయే సంగతి జరిగిన ఏడు నా పైభాగంలో గోరింక గుడ్లు పెట్టింది.

చెట్టు మాత్రం మూడేళ్లుగా కాయలేదు. కాయని చెట్టును బెదిరించడం ఆ ఊరి ఆనవాయితీ. మృగశిర కార్తెనాడు మగడు గొడ్డలి ఎత్తి "నరికేత్తాను" అంటాడు. పెళ్లాం అడ్డుపడి "ఈ ఏడుకి ఒగ్గెయ్యి మావా, పై ఏడు కాత్తాది" అంటుంది. దాంతో చెట్టు సిగ్గుపడి కాస్తుందట. మనుషుల తెలివికి జోహార్లు.

చిక్కల్లా ఏమిటంటే, పోలినాయుడికీ భార్య సన్యాసమ్మకీ తొమ్మిది రోజులుగా మాటల్లేవు. చుట్టాలొచ్చారని, గుడ్లు పొదుగుతున్న కోడిని ఆయన కోయించేశాడు. ఆవిడ అలకపాన్పు ఎక్కింది. ఆనవాయితీ కాబట్టి తోటకైతే వచ్చింది గానీ నోరు విప్పలేదు.

"నరికేత్తాను," అన్నాడు ఆయన. ఆవిడ కొంగు సర్దుకుంది. "నిజంగానే నరికేత్తాను." ఆవిడ మబ్బులు చూస్తోంది. ఎవరూ బతిమాలకుండా గొడ్డలి దించితే పరువేం కావాలి? ఒక్క వేటు వేశాడు. నా నీళ్లు తొణికాయి, బల్లి తోక వదిలేసింది, నాకు గుండె జారిపోయింది. తొర్రకు గుండేమిటని అడక్కండి, జారింది. రెండో వేటుకు ఆయన చెయ్యి లేచింది.

గోరింక కదల్లేదు. తల బయటపెట్టి ఆయన్ని నాలుగు తిట్టి, మళ్లీ గుడ్లమీద సర్దుకు కూర్చుంది. అది సన్యాసమ్మ కంటపడింది.

"పొదుగుతోంది మావా," అంది మెల్లగా. "దీన్ని కూడానా?"

గొడ్డలి దిగింది. "తప్పయిపోనాది," అన్నాడు ఆయన, ఆవిడ వంక చూసి.

మరుసటి ఏడూ చెట్టు కాయలేదు. దానికి సిగ్గనేది ఉంటే కదా. కార్తె రాగానే మొగుడూ పెళ్లాలు మళ్లీ వచ్చారు. గొడ్డలి ఇంకా ఆయన భుజం దిగనే లేదు, ఆవిడ అప్పుడే అందుకుంది: "ఒగ్గెయ్యి మావా."