అంచు పీలికలు

అమ్మ కళ్ళు పచ్చబడిన రోజున కూడా అన్నయ్య పీలికల కోసం వచ్చాడు.

నేను మా ముందుగదిలో బట్టలు కుడతాను. గుడ్డ కత్తిరించేముందు రెండు పక్కలా ఉండే గట్టి అంచు చించేస్తాను. ఆ పీలికలు పారెయ్యకుండా మేకుకి తగిలిస్తాను. అన్నయ్యకి చెత్త బండి ఉంది. హోటళ్ళ దగ్గరా మాంసం కొట్ల దగ్గరా సంచులు ఎక్కించుకుని ఊరవతల చెత్త యార్డులో దింపి రావడం అతని పని. ప్లాస్టిక్ తాడు చేతులు కోసేస్తోందని, సంచుల మూతులు కట్టడానికి నా పీలికలు పట్టుకెళ్ళేవాడు. "నా చేతులు ఇలా ఉన్నాయంటే మా చెల్లి చలవే" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు. నాకు లోలోపల గొప్పగా ఉండేది.

మా ఇళ్ళ వెనక ఒకప్పుడు ఇటుకలకి మట్టి తీసిన గుంట ఉంది. ఎవరో అందులో చెత్త పొయ్యడం మొదలుపెట్టారు. ఎలుకలు మరిగాయి. "మా ఇంట్లో పెత్తనం వాటిదేనమ్మా, మేం వంటింట్లోకి దగ్గి వెళ్తున్నాం" అనేది పక్కింటి పిన్ని. గుంట దగ్గర కాపలా పెట్టాలని నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అందరూ మా అరుగు మీద చేరారు. అమ్మ తలొంచుకుని బియ్యం ఏరుతూ కూర్చుంది.

"బండితో తిరిగేది నేనే కదా, కాపలా నాకొదిలెయ్యండి" అన్నాడు అన్నయ్య. పిన్ని అతని వీపు తట్టింది.

తర్వాత వానలు పడ్డాయి. గుంట పొంగి సందంతా నీళ్ళు నిలిచాయి. అమ్మ పగిలిన మడమలతో ఆ నీళ్ళలోనే తిరిగింది. జ్వరం వచ్చింది, పిక్కలు పట్టేశాయి, కళ్ళు పచ్చబడ్డాయి. ఎలుక జ్వరం అంది డాక్టరమ్మ. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు పగుళ్ళలోంచి ఎక్కాయట. మూత్రపిండాల మీద పడింది, ఇప్పుడే ఏమీ చెప్పలేనంది. ఆసుపత్రిలో అమ్మ పక్క మంచం మీద పిన్ని మనవరాలు, అదే జ్వరంతో.

అన్నయ్య అమ్మ కాళ్ళు ఒత్తుతూ, "ఆ పోసేవాడెవడో దొరకనీ, తోలు తీస్తాను" అన్నాడు.

ఎలుక బొరియల్లో మందు పెట్టడానికి ఆరోగ్యశాఖ నుంచి ఒకావిడ వచ్చింది. బొరియలు చూపించడానికి గుంటలోకి నేను దిగాను. సంచుల పొట్టలు ఎలుకలు కొరికేశాయి గానీ మూతులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఒకదానికి నీలం పీలిక, బడిపిల్లల గుడ్డది. ఇంకోదానికి గులాబీరంగుది. అమ్మ జాకెట్టుకి చించేటప్పుడు చెయ్యి జారి ఒకచోట వంకర పోయింది. ఆ వంకర అలాగే ఉంది.

"ఈ సంచులు ఎవరివో ఆనవాలు పట్టగలవా?" అని అడిగిందావిడ.

"చూడాలండీ" అన్నాను. గులాబీ పీలిక విప్పి గుప్పిట్లో పెట్టుకున్నాను.

ఆసుపత్రి వరండాలో గుప్పిట విప్పి చూపించాను. ఎక్కడిదని అన్నయ్య అడగలేదు.

"యార్డు గేటు దగ్గర సగం రోజు నిలబెడతారే. నీకేం తెలుసు?"

"మన ఇంటి వెనకే ఎందుకన్నయ్యా?"

"ఇంకో వీధిలో అయితే పట్టుకుంటారు. ఇక్కడ నన్నెవరు అనుమానిస్తారు?" అన్నాడు. "అమ్మకి చెప్పకు."

లోపలికి వెళ్ళాను. అమ్మ నా చేతిలో పీలిక చూసి మొహం గోడవైపు తిప్పుకుంది.

"మానేస్తానన్నాడే" అంది.

"నీకు తెలుసా?"

"గుంట దగ్గర వాడి బండి చూశాను. నా చేతిలో చెయ్యేసి చెప్పాడు. కొడుకు కదే, నమ్మాను."

పక్క మంచం మీద పిన్ని చెంచాతో మనవరాలికి నీళ్ళు పడుతోంది. సగం చెంపల మీదుగా కారిపోతున్నాయి.

మర్నాడు ఆరోగ్యశాఖ ఆవిడ మా ఇంటికొచ్చింది. అమ్మ జాకెట్టుకి మిగిలిన ముక్క తీసి, పీలికని దాని పక్కన పెట్టాను. వంకరకి వంకర అతికింది.

"ఇవి నేనిచ్చినవేనండీ. మా అన్నయ్యకి."

మనవరాలి బట్టలకోసం ఇంటికొచ్చిన పిన్ని గుమ్మంలో ఉంది. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు.

"తెలిసే ఇచ్చావా?" అంది.

"లేదు పిన్నీ."

ఆవిడ నా మొహం చూడలేదు. మేకు వైపు చూస్తోంది. దానికి ఆ వారం పీలికలు వేలాడుతున్నాయి.