నా పోరు పడలేకేనా?

మా ఆయన బాప్తిస్మం తీసుకుంటానని ఒక మంగళవారం మధ్యాహ్నం చెప్పారు. నేను ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తున్నాను. "మీ పాస్టరుగారితో చెప్పు, నేను నీళ్లలో దిగుతాను" అన్నారు, కుళాయి కారుతోంది, మనిషిని పిలిపించు అన్నంత మామూలుగా. నా చేతిలో కత్తెర అదుపు తప్పింది. ఆ ప్యాంటు ఒక కాలు పొట్టయిపోయి, తరువాత దాని యజమాని చేత నాలుగు మాటలు కూడా పడ్డాను.

మా ఆయన అచ్చాఫీసులో మిషను నడిపి రిటైరైన మనిషి. ఆ రొదకు చెవులు పోయాయి. చాలా ఏళ్లుగా రెండు చెవులకీ చిన్న చిన్న వినికిడి మిషన్లు. అసలే నోట్లో నాలుక లేని మనిషి, ఆ లోటు కూడా నేనే తీరుస్తూ వచ్చాను. పెళ్లయిన దగ్గర్నుంచీ దేవుణ్ణి నమ్ముకుని రక్షణ పొందమని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. అన్నాల దగ్గర పోరాను, బస్సులో పోరాను, పంటి డాక్టరు దగ్గర ఆయన నోరు తెరుచుకుని ఉన్నప్పుడు కూడా పోరాను. ఆదివారం నాతో చర్చికి వచ్చేవారు, ముందు వరసలో కూర్చునేవారు, బుద్ధిగా తల ఊపేవారు. ఇంటికొచ్చాక "నాకైతే నమ్మకం లేదు, నీకు తోడొచ్చాను" అనేవారు. అబద్ధం ఆడని మగవాడితో కాపురం చేసినవాళ్లకే ఆ బాధ తెలుస్తుంది.

అలాంటి మనిషి ఒప్పుకున్నాడని తెలియగానే చర్చి సంఘమంతా పండగ చేసుకుంది. పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "నమ్మకం దేవుడిచ్చేదమ్మా, అందులో మన గొప్పేం లేదు" అన్నారు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "అయినా నా ఏ ప్రసంగం తరువాత జరిగిందో కాస్త కనుక్కో" అన్నారు.

సంఘపెద్ద మా అన్నయ్యే. వాడి లెక్క వేరు. "దేవుడు గుమ్మం దాకా వస్తాడు చెల్లీ, గొళ్లెం మాత్రం మనిషే తియ్యాలి. బావ ఇన్నాళ్లకు తీశాడు" అన్నాడు. అన్నయ్యకు డ్రైవింగ్ స్కూలు ఉంది. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, తన కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, బండి దిగాక "చూశారా, మొత్తం మీరే నడిపారు" అని భుజం తట్టి పంపిస్తాడు. ఈ విషయంలో వాడికీ పాస్టరుగారికీ ఎప్పుడూ చుక్కెదురే. ఇద్దరిలో ఎవరూ పట్టు వదలరు, ఇద్దరూ టీ మాత్రం కలిసే తాగుతారు.

మిగతావాళ్లంతా నా చేతులు పట్టుకున్నారు. నీ ప్రార్థనమ్మా, నీ ఓపికమ్మా, నీ పట్టుదలమ్మా అని. మొదటిరోజు గాల్లో తేలిపోయాను. రెండోరోజు ఇస్త్రీ చేస్తుంటే ఆ మూడో మాట గుండెల్లో రాయిలా పడింది. నా పట్టుదల. సోఫా గుడ్డ నుంచి కళ్లద్దాల ఫ్రేము దాకా, ఈయన ఏది మొదట వద్దన్నా చివరకు నా పోరు పడలేక సరే అన్న మనిషే. దేవుణ్ణి కూడా అలాగే సరే అన్నారేమో. అలా అయితే అది నమ్మకం కాదు, ఇంట్లో ప్రశాంతత కోసం చేసుకున్న రాజీ. నాకు కావాల్సింది ఈయన తడవడం కాదు. ఏ రోజుకైనా దేవుడి ముందు ఇద్దరం ఒకచోట ఉండాలని నా ఆశ. అది నా నోటి వల్ల చెడిపోయిందేమోనని భయం వేసింది. ఇస్త్రీపెట్టె ఆపేసి ఏడ్చాను.

అడుగుదామంటే ధైర్యం చాలలేదు. అబద్ధం ఆడని మనిషే, అయినా నేను అడిగితే నాకు నచ్చే జవాబే చెబుతారేమో అని ఇంకో అనుమానం.

మా సంఘంలో బాప్తిస్మానికి ముందు పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడతారు. చర్చి వెనక గదిలో, పాటల పుస్తకాల బీరువా పక్కన నాలుగు కుర్చీలు వేశారు. పాస్టరుగారు ప్రార్థన చేసి కళ్లు తెరవగానే అన్నయ్య అందుకున్నాడు.

"బావా, చెప్పండి. మీరు ఎప్పుడు నిర్ణయించుకున్నారు?"

"అన్నయ్యా, ఆగు. ముందు నేను ఒకటి అడగాలి" అన్నాను. "ఏమండీ, పెద్దవాళ్ల ముందు నిజం చెప్పండి. నా పోరు పడలేక ఒప్పుకున్నారా? అలాగైతే వద్దు. నేనేమీ అనుకోను. ఇంటికి పోదాం."

మా ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశారు. గడ్డం గోక్కున్నారు. ఏదో దొంగతనం ఒప్పుకోబోయేవాడిలా మొహం పెట్టారు.

"నీ పోరు నాకు వినిపిస్తే కదా" అన్నారు.

"అంటే?"

"నువ్వు మొదలుపెట్టగానే చెవిలో మిషను ఆపేసేవాణ్ని. కోప్పడతావని చెప్పలేదు."

అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. పాస్టరుగారు కూడా, "చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదేనమ్మా" అని నవ్వారు.

"మీ ప్రసంగంలో కూడా ఆపేవాణ్నండీ" అన్నారు మా ఆయన, మర్యాదగా.

పాస్టరుగారి నవ్వు ఆగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు గోడతో మాట్లాడానన్నమాట. ఆ మంటలోనే, ఎక్కణ్నుంచో, పట్టలేనంత సంతోషం కూడా పొంగుకొచ్చింది. నా నోటి వల్ల కాదు. ఏ మాత్రం కాదు. తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియక కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

అన్నయ్య కళ్లు తుడుచుకుని పెద్దరికం తెచ్చుకున్నాడు. "మరి ఏం విని నమ్మారు బావా?"

"చెవులు బాగున్న రోజుల్లో మీ చెల్లెలు చెప్పింది. మన తప్పులకి ఆయన చచ్చిపోయాడు, మళ్లీ లేచాడు, నమ్ముకున్నవాణ్ని వదిలిపెట్టడు. అంతేగా? మధ్యలో కొత్తవేమైనా కలిపారా?"

"లేదు లేదు, అంతే" అన్నారు పాస్టరుగారు.

"అప్పుడు వద్దనుకున్నాను. ఆ వద్దు నా దగ్గర చాలా ఏళ్లుంది, గట్టిగానే ఉంది. మొన్న గిన్నెలు కడుగుతూ ఎందుకో ఆలోచిస్తే, ఆ వద్దు కనబడలేదు. వెతికాను కూడా. నేనైతే పారెయ్యలేదు. అదంతా నిజమేననిపిస్తోంది, అంతే."

"విన్నారా, తీసేసింది దేవుడే" అన్నారు పాస్టరుగారు.

"కానీ అవునని నోరు తెరిచి చెప్పింది మీరే కదా బావా?" అన్నాడు అన్నయ్య.

"నేనే చెప్పాను. నోరు నాదే. ఇక్కడిదాకా నడిచొచ్చిన కాళ్లూ నావే."

"విన్నారా" అన్నాడు అన్నయ్య పాస్టరుగారితో. గెలిచింది తామేనని ఇద్దరికీ నమ్మకం కుదిరిపోయింది. వచ్చే ఆదివారమే బాప్తిస్మం అని రాసుకుని, మమ్మల్ని మరిచిపోయి వాదనలో పడ్డారు. మేం లేచి బయటికొచ్చాం.

బస్సెక్కకుండా నడుస్తున్నాం. సందు మలుపు దాకా ఓర్చుకున్నాను.

"మరి నేను అంతంతసేపు మాట్లాడుతుంటే మీరేం చేసేవారు?"

"నిన్ను చూసేవాణ్ని."

"చూసి?"

"మాట వినిపించకపోతే మొహం బాగా కనిపిస్తుంది. సోఫా గురించి మాట్లాడేటప్పుడు నీ మొహం ఒకలా ఉంటుంది, దేవుడి గురించి మాట్లాడేటప్పుడు ఇంకోలా ఉంటుంది. నా మీద మండిపడుతున్న రోజున కూడా నీ పెదాల మీద ఆయన పేరు కనబడగానే వెలుగొచ్చేది. ఇదేదో నిజంగా ఉన్నదే అయ్యుంటుందనుకునేవాణ్ని."

నాకు మళ్లీ భయం పట్టుకుంది. భయంతో పాటు కాస్త గర్వం కూడా, దాచడమెందుకు. "అంటే తిప్పితిప్పి నా వల్లే అన్నమాట" అన్నాను.

"మొహం నీదే. ఆ వెలుగు మాత్రం నువ్వు కుట్టిపెట్టుకున్నది కాదు. నీ కుట్టు నాకు తెలీదా?"

చర్చిలో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా, పదహారేళ్ల వయసులో నమ్మేవాళ్లెవరని అడిగితే నా అంతట నేనే చెయ్యెత్తాను అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఎత్తాను, నిజమే. ఎత్తాలని ఎందుకనిపించిందో, ఆ రోజు లోపల అంత సంతోషం ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. నాదే అనుకున్నాను. పట్టు జారితే పోతుందేమోనని ఇన్నేళ్లు పిడికిలి బిగించుకునే బతికాను.

ఆయన పక్కన నడుస్తుంటే చేతులు తేలికగా ఉన్నాయి. ఏం మాట్లాడాలో తోచలేదు. మందుల షాపు దాటాం, పోస్టాఫీసు దాటాం, మా ఇంటి గేటు దాకా వచ్చాం. మా ఆయన ఆగి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు.

"ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు.