దాచిన నిమిషం

మధ్యాహ్నం మూడింటికే ప్రెస్సు మనిషి వచ్చి గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. నాలుగింటికల్లా కొత్త టైమ్‌టేబుల్ అతని చేతికివ్వాలి. రైళ్ల వేళలన్నిటికీ పెద్దదిక్కయిన మేడం మాత్రం సంతకం పెట్టకుండా, బల్లంత కాగితం మీదికి వంగి ఒక్క గీతనే తడుముతోంది.

ఆ కాగితం మీద ప్రతి రైలూ ఒక ఏటవాలు గీత. ఆమె వేలి కింద ఉన్నది పొద్దుటి పాసింజరు. వెనకాలే ఎక్స్‌ప్రెస్ తరుముకొస్తుందని దాన్ని ఏడు చిన్న స్టేషన్లలో ఆపడం మానేశారు. మానేయమన్నది ఆవిడే. ఆ ఏడింట్లో ఒకటి చెల్లెలి ఊరు.

పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది. ఏడవలేదు కూడా. "అక్కా, బస్సు కుదుపులకి పిల్ల నీలిబారిపోతోందే. గురువారం గురువారం ఆస్పత్రికి ఒక్కదాన్నే ఇక ఎలా తీసుకెళ్లను?" అంది. ఎనిమిది నెలల పిల్ల. గుండెలో చిల్లు.

బండి ఆ ఊళ్లో ఆగాలంటే రెండు నిమిషాలు కావాలి. అక్కడ ప్లాట్‌ఫాం లేదు, నేల మీంచి నిచ్చెన ఎక్కినట్టు ఎక్కాలి.

"తాతా, ఈ బండి నడకలో ఎక్కడైనా రెండు నిమిషాలు అదనంగా దాచారా?" అని అడిగింది.

గీతలు గీసీ గీసీ వేళ్లు వంకర్లు పోయిన పెద్దాయన. ఆఫీసంతా గీతల తాత అంటారు. కళ్లజోడు తుడుచుకున్నాడు. "గిన్నె అడుగున పిడికెడన్నం దాచినట్టు ప్రతి బండిలో దాచేవాణ్ణమ్మా. కిందటి నెల మీరే కదా అన్నీ ఊడ్పించారు. అందుకిచ్చిన మెచ్చుకోలు కాగితం అదుగో, గోడకుంది."

ఆమె గోడ వైపు చూడలేదు. "ఎత్తిపొడవకండి తాతా. ఇంకోసారి చూడండి."

తాత వంగి చాలాసేపు చూసి, వంతెన దగ్గర గోరు ఆనించాడు. "ఇక్కడొకటుంది. వానల్లో బండి తడబడితే ఉంటుందని మీ కంట పడకుండా దాచా."

"ఒకటేనా?"

"ఒకటే."

వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. "ఒక్క నిమిషం ఆగుతుందే. ముందే వచ్చి నిలబడు. ఆగీ ఆగగానే పిల్లని లోపలికి అందించెయ్యి, సంచీ పడెయ్యి, తర్వాత నువ్వెక్కు. ఏం?"



"పిల్లని ఎవరికి అందించనక్కా?"

ప్రెస్సు మనిషి లేచి నిలబడి గడియారం కేసి చూశాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఆమె పెన్సిల్‌తో ఆ ఊరి పక్కన ఒకటి అంకె వేసింది.