పొయ్యి మీద పాలు

పాలు పొంగిపోయాయి. తాండూరులో పొద్దున్నే ఏ ఇంట్లో పొంగవు గనక! కానీ స్టవ్ తుడుస్తున్నంతసేపూ రెబెక్కకు ఒకటే సందేహం: తప్పెవరిది?

బైకు తాళం కనబడలేదని ప్రేమ్‌సాగర్ పిలిస్తే, పాలు పొయ్యి మీద వదిలి ముందు గదిలోకి వెళ్లింది. ఆమె సోఫా కింద వెతుకుతుంటే, అతను వంటింట్లోకెళ్లి తాపీగా మంచినీళ్లు తాగాడు. పాలు అతని కళ్ల ముందే పొంగాయి.

"ఆడనే ఉన్నవ్ గదా, జర బంద్ చేయొద్దా?"

"చూడుమని నాకు చెప్పినవా?" అన్నాడు మొగుడు.

"పొయ్యి మీద పెట్టినోళ్లకుండాలె బిడ్డా ఫికరు," అంది అత్త భాగమ్మ, చాటలో కందిపప్పు ఏరుతూ.

నిజమే, చెప్పలేదు. చెప్పాలా? మోమిన్‌పేట్‌లో పుట్టింట్లో ఎవరూ చెప్పేవాళ్లు కాదు. వంటింట్లో ఎవరు అడుగుపెడితే పొయ్యి వాళ్లది. నాన్న జంగప్ప పొలం నుంచి మట్టికాళ్లతో వచ్చి కూడా మంట తగ్గించేవాడు. లోకమంతా అదే పద్ధతనుకుంది, వెర్రిది.

పదకొండింటికి మీటింగు. హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే, ప్రోగ్రాముల్ని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్ పని చేస్తుంది రెబెక్క. ప్రోగ్రాములో ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని పిలిచినప్పుడు, ప్రాసెసర్ చేతికింద రిజిస్టర్లనే చిన్న అరల్లో ఉన్న విలువల్ని ఎవరు కాపాడాలి? పిలిచినదా, పిలిపించుకున్నదా? ఆ నియమాలు రిజిస్టర్లు పిడికెడున్న కాలం నాటివి. ఇప్పుడవి బోలెడు. కాబట్టి మరికొన్నింటిని పిలిపించుకున్నదే కాపాడాలని, అప్పుడు మాటిమాటికీ మెమరీకి పరుగెత్తే బాధ తగ్గుతుందని ఆమె ప్రతిపాదన. కానీ నిన్నటి నుంచి ఆ మార్పు పరీక్షలో జవాబు తప్పొస్తోంది. ఇవాళ కారణం చూపకపోతే పని జట్టులోని అరుణ్‌కుమార్‌కు పోతుంది. "ఇంట్లో కూర్చుని మనసు పెట్టలేవమ్మా," అని మేనేజర్ ముందే అనేశాడు.

మాడిన పాల వాసన చేతుల్ని వదలకుండానే కోడ్ ముందు కూర్చుంది. తన కొత్త ఫంక్షన్, ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన ఒక పాత కోడ్ లైబ్రరీని పిలుస్తోంది. అది కాపాడుతుందని ఇది నమ్మింది. పాత నియమం ప్రకారం దాచుకోవలసింది పిలిచినవాళ్లేనని అది రిజిస్టరును చెరిపేసింది. ఎవరి నియమం ప్రకారం వాళ్లు ఒప్పే, విలువ మాత్రం పోయింది. రెబెక్కకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది.

ఆ లైబ్రరీ ఎవరిదో, ముట్టుకోవడానికి లేదు. దాన్ని పిలిచే ముందు కొత్తదే అన్నీ దాచుకోవాలి. మళ్లీ నా నెత్తినేనా! అలాగే రాసింది. జవాబు సరిగ్గా వచ్చింది. మనసే కుదుటపడలేదు. ఇంట్లోనూ ఇంతేనా? పిలిచిన ప్రతిసారీ పొయ్యార్పి, పని మూసి, తర్వాత తనే వెతుక్కోవాలా? ఎందుకు చూడలేదని అడగడమే తప్పా? ఏమో, ఏదీ తేలలేదు. లైబ్రరీ రాసినవాళ్లంటే అందుబాటులో లేరు. ప్రేమ్‌సాగర్ గోడకవతలే ఉన్నాడు కదా.

"చాయ్ ఏమాయె?" అని అతని గొంతు వినిపించింది.

లేచి వెళ్లి ఇంకో ప్యాకెట్ గిన్నెలో పోసి పొయ్యి వెలిగించింది. "పాలు పెట్టిన. నాకు మీటింగున్నది. ఇగ పొయ్యి నువ్వే చూడాలె," అంది మొగుడితో. భాగమ్మ చేతిలో చాట ఆగింది. రెబెక్క గదిలోకెళ్లి తలుపేసుకుంది.

తెర మీద అందరూ వింటున్నారు. ఆమె సగం వాక్యంలో ఉండగా గోడ అవతలి నుంచి ప్రేమ్‌సాగర్ కేక.

"రెబెక్కా! పొంగుతున్నయే!"

లేవబోయింది కూడా. కాళ్లకు అలవాటు.

"దించు," అంది మైకు ఆపకుండానే. వదిలిన వాక్యాన్ని వదిలిన చోటే అందుకుంది.