కిటికీ అద్దం మీద పాట

పొద్దున లేవగానే ఎలిశబెతు చేసే మొదటి పని కిటికీ అద్దాలు తుడవడం. వానలు పట్టాయంటే చాలు, బోగోలులోని ఆ రెండు గదుల ఇంట్లో అద్దాలన్నీ లోపలివైపు నీళ్లు కారేవి. ఆమె పాత లుంగీ గుడ్డతో తుడిచి బకెట్లో పిండేది. పిండగానే బకెట్ సన్నగా ఆమె గొంతుతోనే పాట అందుకునేది. ముందురోజు వంట చేస్తూ ఆమె పాడుకున్న పాటే. పల్లవి ఒక అద్దం మీద, చరణం ఇంకో అద్దం మీద ఉండేవి కాబట్టి, తుడవడంలో వరస తప్పితే పాట కూడా వరస తప్పేది.

పక్కింటి మస్తానమ్మ రోజూ ఆ నీళ్లు ఒక చెంబెడు పట్టుకుపోయి మనవరాలి ఉయ్యాల కింద పెట్టుకునేది. పిల్ల హాయిగా నిద్రపోయేది. మిగిలినవి కాలవలో పారబోసేవాళ్లు. ఎవరూ దాన్నొక వింతగా చెప్పుకోలేదు.

వాళ్లకు అంతుపట్టనిది ఎలిశబెతు గొంతు తగ్గిపోవడమే. ముప్పై ఏళ్లుగా మందిరంలో పాట ఎత్తుకునేది ఆమె. ఇప్పుడు రెండో చరణానికే దగ్గు తెర అడ్డుపడుతోంది. క్రిస్మస్ పది రోజులుందనగా పాస్టర్ టైటస్ గారు మెల్లగా అన్నారు: "అమ్మా, ఈసారికి పెన్‌డ్రైవ్‌లో పాటలు పెట్టిద్దాం. మీరు విశ్రాంతి తీసుకోండి."

ఆమె సరేనని తలూపి ఇంటికొచ్చి కరువుతీరా ఏడ్చింది. పాడకుండా ఆ మందిరంలో ఎక్కడ కూర్చోవాలో కూడా ఆమెకు తెలియదు మరి.

ఆమె భర్త కృపాదానం మహా జాగ్రత్తపరుడు. రొయ్యల గుంటలకు పోయే టిప్పర్ల దుమ్ము వస్తోందని, రెండేళ్ల కిందట ఇంటి వెంటిలేటర్లన్నీ ఇటుకా సిమెంటూ పెట్టి తానే మూసేశాడు. తన ఇంట్లోకి చీమ కూడా అడక్కుండా రాదని ఊరంతా చెప్పుకునేవాడు.

పండక్కి సున్నం కొట్టడానికి వచ్చిన లాజరస్ గోడ మీద నల్లటి బూజు గీకుతూ తలెత్తి చూశాడు.

"ఏందన్నా, వెంటిలేటర్లు మూసేసినావా?"

"దుమ్ము రాకుండా మూసినా. తప్పా?"

"ఇంటికి ముక్కు మూస్తే ఎట్టన్నా? కుక్కర్ ఆవిరి, తడిబట్టల తేమ, మీ ఊపిరి, అన్నీ యాడికి పోవాల? చల్లటి అద్దం దొరికితే పోయి దానికే అంటుకుంటాయి. వాటెంబడే అక్క గొంతూ పోతా ఉండాది. రోజూ బకెట్లో పారబోసుకుని, మళ్లీ గొంతేదని ఏడిస్తే?"

కృపాదానం మొహం మాడిపోయింది. భార్య వైపు చూడలేక, లాజరస్ సామాన్ల సంచిలోంచి సుత్తి లాక్కున్నాడు.

"నేను మూసినా. నేనే పగలగొడతా."

సాయంత్రానికి నాలుగు వెంటిలేటర్లూ తెరుచుకున్నాయి. దుమ్ముకూ దోమలకూ సన్నటి మెష్ కొట్టారు. పొయ్యి పైన గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టారు. తడిబట్టల దండెం వరండాలోకి మారింది. వాన తెరిపిచ్చినప్పుడల్లా ఎదురెదురు కిటికీలు అరగంట తెరిచిపెట్టేవారు. సముద్రపు గాలి ఒకదాంట్లోంచి వచ్చి, ఇల్లంతా చూసి, రెండోదాంట్లోంచి పోయేది. మూడోరోజుకి బకెట్లో అరచెంబే వచ్చింది. క్రిస్మస్ పొద్దున అద్దాలు పొడిగా ఉన్నాయి. ఎలిశబెతు వేలితో రాసి చూసుకుంది కానీ, నోరు తెరిచి పాడి చూసుకోవడానికి భయపడింది.

మందిరంలో పెన్‌డ్రైవ్ పెట్టేశారు. అంతలో గుక్కపట్టి ఏడుస్తున్న మనవరాలిని ఎత్తుకుని మస్తానమ్మ వచ్చింది.

"అక్కా, నిన్నటినించి చెంబు పాడలా! దీనికి కునుకు లేదు, మాకూ లేదు. ఇంక నువ్వే పాడాల."

అందరూ తిరిగి చూశారు. ఎలిశబెతు లేచి నిలబడింది. పల్లవి ఎత్తుకుంది. మొదటి చరణం అయింది. రెండోదీ దాటింది. మూడో చరణంలో గొంతు పైకి లేచేసరికి, పెద్దలూ పిల్లలూ ఆగలేక చప్పట్లతో అందుకున్నారు. అంత గోలలోనూ మస్తానమ్మ భుజం మీద పిల్ల నిద్రపోయింది. టైటస్ గారు పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకున్నారు.

కృపాదానం మాత్రం పాడలేదు. కళ్లు తుడుచుకుంటూ లేచి, మందిరం కిటికీలు ఒక్కొక్కటే బార్లా తెరుచుకుంటూ పోయాడు.