ఈగలకు వంట

మా చెల్లి కాలేజీలో చేరిన మొదటి నెలలోనే ల్యాబులో పని కావాలంటూ బయల్దేరింది. అదే కాలేజీలో ఆఖరి ఏడాది చదువుతున్న నేను, "ముందే కూసిన కోయిలా, ముందు పాఠాలు చదువుకో. ఇంటర్న్‌షిప్పులూ రీసెర్చీ నాలాగా చివర్లో చూసుకోవచ్చు" అన్నాను. అప్పట్లో నాకు నా మార్కుల మీద అంత నమ్మకం.

అది నా మాట వింటేగా! పండ్ల మీద వాలే చిన్న ఈగల మీద పరిశోధన చేసే మేడమ్ దగ్గరికి వెళ్ళింది. "ఏం వచ్చు?" అని ఆవిడ అడిగితే, "ఏమీ రాదండీ" అందట. "అయితే ఈగలకు వంట చెయ్యి" అన్నారట. ఆ ల్యాబులో ఎవరైనా వంటతోనే మొదలుపెట్టాలి. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు కలిపి ఉడికించి, గాజు సీసాల్లో పోసి, చల్లారాక మూతికి దూది బిగించాలి.

"ఇంట్లో గరిటె ముట్టదు గానీ, ఊళ్ళో ఈగలకు వండి పెడుతుందట!" అని అమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది.

ఒకరోజు చెల్లి ల్యాబు మెట్ల మీద వెక్కి వెక్కి ఏడుస్తూ కనిపించింది. వేడి మీదే దూది బిగించేసిందట. ఆవిరి నీరై లోపల గాజుకు పట్టింది. ఆ సీసాల్లోకి మార్చిన ఈగలన్నీ తడికి అంటుకుని చచ్చిపోయాయి.

"ఇంక రావద్దంటారక్కా. ఈ ల్యాబు పోతే నేనేం చెయ్యను?"

దాని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. "చిన్నపిల్ల మేడమ్. మూడో ఏడాదికి వచ్చాక పంపిస్తాను" అన్నాను.

"అప్పుడు ఈగలు చస్తే దానికి ఏడవడానికి కూడా తీరికుండదమ్మా. పరీక్షలు, ప్రాజెక్టు, ఉద్యోగం అన్నీ ఒకేసారి నెత్తిన పడతాయి. చస్తే ఇప్పుడే చావనీ" అని, చెల్లి వైపు తిరిగి, "మళ్ళీ వండు" అన్నారు.

తర్వాత నన్ను చూశారు. "నువ్వెక్కడ పనిచేశావు?"

"ఇంకా ఎక్కడా లేదండీ. మార్కులు మాత్రం..." అని నసిగాను.

ఆవిడ తిట్టలేదు, నవ్వలేదు. కొక్కేనికున్న ఏప్రన్ తీసి నా చేతికిచ్చారు. "ఎలా చెయ్యాలో చెల్లినడుగు, చెబుతుంది."

ఆ సాయంత్రం ఇద్దరం ఒకే గిన్నె ముందు నిలబడ్డాం. నాకు సిగ్గుగానూ ఉంది, ఎందుకో సంతోషంగానూ ఉంది. చెల్లి ముక్కు ఎగబీలుస్తూనే, "అడుగంటుతోంది, కలపడం ఆపకు" అని గదమాయించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నోరు మూసుకుని దాని మాట విన్నాను.