కాపా పిన్ని మెరుగు పెట్టిన గింజ

రాళ్లకి మెరుగు పెట్టడంలో కపితోలీనా జరూబినాది ఇరవై ఆరేళ్ల చెయ్యి. తల్నాఖ్ గనిలోంచి వచ్చిన ముడిరాయిని చిన్నగా కోసి, జిగురు దిమ్మలో కూర్చి, తిరిగే చక్రం మీద అద్దంలా అరగదీసి పరిశోధనశాల పైఅంతస్తుకి పంపడం ఆమె పని. పైఅంతస్తు వాళ్లు ఆ దిమ్మని సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని, నాలుగు పెద్ద మాటలు రాసి, పేరు తెచ్చుకుంటారు. ఇన్నేళ్లలో ఆమె చేతి మీదుగా ఏడు కొత్త ఖనిజాలు లోకంలోకి వచ్చాయి. ఏడింటికీ ఏడుగురు పెద్దమనుషుల పేర్లు. వాళ్లలో ఒకాయన గని మొహమైనా చూసి ఎరగడు. చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరడమంటే ఇదే.

ఎనిమిదోదాన్ని మాత్రం ఆమె తన కళ్లతోనే పట్టుకుంది. మెరుగు కుదిరిందో లేదో చూసుకోడానికి బల్ల మీద పాత సూక్ష్మదర్శిని ఒకటి ఉంటుంది. ఆకులు రాలే రోజుల్లో ఒక దిమ్మని చూస్తుంటే, పసుపుపచ్చటి రాగి ఖనిజం అంచున చుక్క కనబడింది. వెంట్రుక మందంలో సగం ఉంటుందేమో. మీగడ తెలుపు, అందులో లేత గులాబి. ప్లాటినం జాతి గింజలు వందల్లో చూసిన మనిషి, ఈ రంగు ఎన్నడూ చూడలేదు. చుట్టూ సిరాతో సున్నా చుట్టి, దిమ్మని తీసుకెళ్లి అగ్లాయా ముందు పెట్టింది.

అగ్లాయాకి ముప్పై ఒకటి. మాస్కోలో చదివొచ్చిన భూగర్భ శాస్త్రవేత్త. తొమ్మిదేళ్లుగా ఇక్కడే పని, చుట్టరికం లేకపోయినా కపితోలీనాని కాపా పిన్ని అనే పిలుస్తుంది. చూసీ చూడగానే కుర్చీలోంచి ఎగిరి ఆమెని కావలించుకుంది.

"కాపా పిన్నీ! ఏం కళ్లు నీవి! దిష్టి తగలకుండా, థూ, థూ, థూ!"

అంతే, ఆ తర్వాత గింజ అగ్లాయాది అయిపోయింది. మాస్కోలో ఎలక్ట్రాన్ పరీక్ష చేయించింది. పల్లాడియం, తగరం, సీసం ఆ పాళ్లలో కలిసిన ఖనిజం ఇంతవరకూ ఎక్కడా లేదని తేలింది. టెలిఫోన్లు మోగాయి. గోడపత్రికలో అగ్లాయా ఫొటో వేశారు, తెల్లకోటు, నవ్వు మొహం. రోజూ మెట్లెక్కుతూ ఆ ఫొటోని చూడకుండా ఉండలేదు కపితోలీనా, చూసి ఓర్చుకోనూ లేదు. తను సున్నా చుట్టకపోతే ఈ నవ్వెక్కడిది? ఆ పిల్ల వయసు మీద, చదువు మీద, నున్నటి చేతుల మీద కూడా ఆమెకి కడుపుమంటే. తన గోళ్ల సందుల్లో మెరుగుపొడి ఆకుపచ్చగా ఇంకిపోయి ఎన్నేళ్లయిందో.

మే నెలలో, ఇంకా మంచు కరగని రోజుల్లో, భోజనాల గదిలో టైపిస్టు నెల్లీ పుండు మీద కారం చల్లింది.

"పేరు ఖాయమైపోయిందట, విన్నావా? నాచేత కొట్టించలేదు. తలుపేసుకుని తనే టక్కుటక్కుమని కొట్టుకుంటోంది."

"ఎవరి పేరట?"

"అడగాలా? సొంత పేరు కొట్టుకునేటప్పుడు ఎవరైనా తలుపు తీసి పెడతారా?"

కపితోలీనా సూప్ గిన్నె పక్కకి నెట్టేసింది.

ఆ మధ్యాహ్నమే అగ్లాయా దిమ్మని దూదిలో చుట్టి కిందికి తెచ్చింది.

"పిన్నీ, పరీక్ష కోసం దీని మీద కార్బన్ పొర పూశారు. అది పోవాలి. మెత్తటి గుడ్డ మీద రెండు చుట్లు, అంతే. ఇది వెలుతుర్ని ఎంత తిప్పికొడుతుందో ఒక్కసారి కొలిస్తే ఇక మ్యూజియానికి పంపెయ్యొచ్చు. అక్కడ నమూనా లేనిదే కొత్త ఖనిజాల పేర్లు తేల్చే మాస్కో సంఘం ఓటు వెయ్యదు."

"గింజ లోతెంతో?"

"ఏమో. ప్రపంచం మొత్తం మీద ఉన్నది ఇదొక్కటే. అందుకే నీకు తప్ప ఇంకో చేతికి ఇవ్వను."

నమ్మకం చూపించి మరీ పనిచేయించుకుంటోందని కపితోలీనా ఒళ్లు మండింది. అగ్లాయా మెట్లెక్కేదాకా ఆగింది. చక్రం పక్కన రెండు డబ్బాలున్నాయి. ఒకదాంట్లో మెరుగుకి వాడే ఆకుపచ్చ పొడి, పిండికన్నా మెత్తన. రెండోదాంట్లో బూడిదరంగు పొడి, మూడో నంబరు, కోసిన రాయిని చదును చేసే ముతక రకం. ఆమె చెయ్యి బూడిదరంగు డబ్బాలోకి వెళ్లింది. అర నిమిషం పట్టింది. తర్వాత కడిగి, ఆకుపచ్చ పొడితో ఎప్పుడూ పెట్టనంత గొప్ప మెరుగు పెట్టింది. సూక్ష్మదర్శినిలో చూస్తే అంతా పసుపే. గులాబి చుక్క లేదు.

మొదట ఆమెకి హాయిగానే ఉంది. టీ కాచుకుని రెండు చెంచాలు జామ్ వేసుకుంది. దిమ్మని పైకి పంపేసింది.

టీ సగంలో ఉండగా అగ్లాయా దిగొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎదురుగా ఉన్న ముక్కాలిపీట మీద కూలబడింది.

"పోయింది, పిన్నీ. పొరతో పాటే లేచిపోయింది. ఎంత పలచగా ఉందో!"

కపితోలీనా టీ గ్లాసు కింద పెట్టింది.

"నువ్వేం బాధపడకు. తప్పు నాదే, లోతు తెలియకుండా పొర తియ్యమన్నాను. మాస్కోకి అలాగే రాస్తాను." కోటు జేబులోంచి మడిచిన కాగితం తీసింది. "ఇది నీ పుట్టినరోజుకిద్దామని దాచాను. నెల్లీ నోట్లో నువ్వుగింజ నానదు కదా, అందుకే తలుపేసుకుని నేనే కొట్టుకున్నాను. ఇప్పుడిక దేనికీ పనికిరాదు. అయినా నువ్వు చూడాలి."

కపితోలీనా కళ్లజోడు పెట్టుకుంది. పైన 'జరూబినైట్' అని ఉంది. కింద ఇలా ఉంది: 'ఇరవై ఆరేళ్లుగా తల్నాఖ్ రాళ్లని ఎంతో జాగ్రత్తగా మెరుగుపెట్టి, ఈ ఖనిజాన్ని మొట్టమొదట చూసిన కపితోలీనా ఇవానోవ్నా జరూబినా పేరు మీద.'

రెండుసార్లు చదివింది.

"నీ పేరు పెట్టుకోలేదేం?"

"ఖనిజం గురించి కాగితం రాసేవాళ్లు దానికి తమ పేరు పెట్టుకోకూడదు, పిన్నీ. రూలు. ఈ మేడలో అందరికీ తెలుసు."

అందరికీ అంటే పైఅంతస్తుకి. కింద ఉన్నవాళ్లకి ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు? అయినా ఆ సంగతి ఇప్పుడనవసరం. నోరు మూసుకుంటే సరిపోయేది. తప్పు తన నెత్తిన వేసుకోడానికి ఆ పిల్ల సిద్ధంగా ఉంది, కాగితం చేతిలో ఉంది, పిన్ని అనే పిలుపూ ఉంది.

"మూడో నంబరు పొడి వేశాను" అంది కపితోలీనా.

మెరుగు పూర్తయిన దిమ్మ మీద మూడో నంబరు ఎవరూ వెయ్యరు. పనిలో చేరిన మర్నాడే ఎవరికైనా తెలిసే సంగతి అది. అగ్లాయా బూడిదరంగు డబ్బా వంక చూసింది, తర్వాత ఆమె వంక.

"డబ్బాలు మారిపోయాయా?"

తప్పించుకోమని దారి చూపించినట్టే అడిగింది. ఆ పిల్ల మంచితనం చూసి కపితోలీనాకి మళ్లీ ఒళ్లు మండింది. ఆఖరికి అందులో కూడా తనే కింద.

"మారలేదు. నీ మీద ఏడుపుతో వేశాను. నీ పేరే పెట్టుకుంటున్నావనుకున్నాను."

అగ్లాయా లేచి కోటు గుండీలు పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"ఆ గింజ దొరికిన బోరులోంచి తీసిన రాతికడ్డీ ఇంకా నాలుగు మీటర్లుంది. రేపట్నించి మీరు కొయ్యడం మొదలుపెట్టండి. మరో గింజ దొరికితే పేరు ఇదే ఉంటుంది. రాసింది అబద్ధం కాదు కాబట్టి మార్చను, కపితోలీనా ఇవానోవ్నా."

తొమ్మిదేళ్లలో ఆ నోటివెంట 'మీరు' అన్న మాట ఆమె విన్నది అదే మొదలు.

మర్నాటి నుంచీ కోసింది. నాలుగు మీటర్లూ కోసింది, మూడువందల పన్నెండు దిమ్మలు. ఒక్కోదాన్నీ పైకి పంపేముందు అంచు అంచూ వెతికింది. గులాబి చుక్క మళ్లీ కనబడలేదు. కాగితం సొరుగులో ఉంది. పని లేనప్పుడు తీసి చదువుకుంటుంది. అందులో ఉన్న ఆడమనిషి ఎంతో జాగ్రత్త గలది, అందరికన్నా ముందు చూసింది, ఎవరో ఆమెని ప్రేమగా పిన్నీ అని పిలుస్తున్నారు. కపితోలీనాకి ఆమె మీద కూడా కడుపుమంటే.